జనరేటర్ బ్యాటరీ: నిప్పురవ్వ ఎక్కడ పడాలి?

కవితలు, కథలు వచ్చే మన పత్రికలో ఈ బ్యాటరీ గోల ఏంట్రా అని మీకు అనిపించొచ్చు. నిజానికి ఈ సంచికకి నేను కోడింగ్ గురించే రాద్దామనుకున్నాను. కానీ కూర్చుని ఆలోచిస్తే, నేను పుస్తకంలో కాకుండా దెబ్బ తిని నేర్చుకున్న విషయం ఒక్కటే ఉంది. జనరేటర్ బ్యాటరీ మీద చెయ్యి ఎలా వెయ్యాలి, ఎలా వెయ్యకూడదు అన్నది. ఇక్కడ చిన్న సవరణ. దెబ్బ తగిలింది నాకు కాదు, మా మామయ్యకి. తగిలేలా చేసింది మాత్రం నేనే.

మీ ఇంట్లో జనరేటర్ లేకపోవచ్చు. కానీ ఇన్వర్టర్ ఉంటుంది, బైకు ఉంటుంది, హాస్టల్ వెనకాల డీజిల్ జనరేటర్ ఉంటుంది. అన్నిటి దగ్గరా కూర్చుని ఉండేది మామూలుగా అదే లెడ్ యాసిడ్ బ్యాటరీ. కాబట్టి చివరిదాకా చదవండి.

ఆ రాత్రి

మా మామయ్యకి భీమవరం దగ్గర రెండు రొయ్యల చెరువులున్నాయి. ఆక్వా గురించి తెలియని వాళ్ళకి ఒక మాట. చెరువు నీళ్ళలో కంటికి కనపడనంత సన్నటి నాచు ఉంటుంది. పగలు ఎండ ఉన్నంతసేపూ అది ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు తిరిగి ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. రాత్రంతా ఏరేటర్లు తిరగాల్సింది అందుకే. అవి ఆగిపోతే, చెరువు నిండా రొయ్య ఉన్నప్పుడు, గంటా రెండు గంటల్లోనే రొయ్యలు పైకి తేలడం మొదలవ్వచ్చు. మూడు నెలల మేత, సీడు ఖర్చు, తెచ్చిన అప్పు, అన్నీ వాటితో పాటే తేలతాయి.

అందుకే ప్రతి చెరువు గట్టు మీదా ఒక మకాం, మకాం పక్కన ఒక డీజిల్ జనరేటర్ ఉంటాయి. మామయ్యది 25 కేవీఏది. ఆ జనరేటర్ తిరగాలంటే ముందు దాని స్టార్టర్ మోటార్ తిరగాలి, అది తిరగాలంటే 12 వోల్టుల బ్యాటరీ కావాలి. అంటే లక్షల రూపాయల పంట, ఆఖరికి ఒక నల్ల డబ్బా మీద ఆధారపడి ఉంటుంది.

నేను ఫస్టియర్ సెలవల్లో అక్కడికి వెళ్ళాను. ఒక రాత్రి రెండు దాటాక కరెంటు పోయింది. మామయ్య తాళం తిప్పాడు. ఇంజన్ తిరగలేదు, "టక్, టక్, టక్" అని చప్పుడు మాత్రం వచ్చింది. బ్యాటరీ సాయంత్రం నుంచీ చార్జింగ్‌లోనే ఉంది. అయినా లేవలేదు. చెరువుల మీద బ్యాటరీలు దొంగతనం అవుతుంటాయి కాబట్టి మామయ్య దాన్ని ఇనప పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. చార్జర్ కూడా ఆ పెట్టెలోనే.

పక్కనే ట్రాక్టర్ ఉంది. దాని బ్యాటరీ నుంచి కేబుళ్ళు లాగి స్టార్ట్ చేద్దామన్నారు. కాపలా ఉండే తాత టార్చి పట్టుకున్నాడు. మామయ్య పెట్టెలోకి వంగి టెర్మినల్ మీద మట్టి తుడుస్తున్నాడు. ఎర్ర కేబుల్ రెండువైపులా పెట్టేశాం. నల్లదాని ఒక కొస ట్రాక్టర్‌కి పెట్టాం. రెండో కొస నా చేతిలో ఉంది.

"నువ్వు ఇంజనీరింగ్ కదా అల్లుడూ, ఇది ఎక్కడ పెట్టాలి?" అన్నాడు మామయ్య.

"మైనస్‌కి మైనస్సే మామయ్యా, పెట్టేస్తున్నా," అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

క్లిప్పు తగలగానే చిన్న నిప్పురవ్వ. వెంటనే చెవి పక్కన లక్ష్మీబాంబు పేలినట్టు చప్పుడు. బ్యాటరీ పైకప్పు ముక్కలై లేచింది. మామయ్య రెండు చేతులతో మొహం మూసుకుని వెనక్కి పడ్డాడు.

నేను కదల్లేదు, బిగుసుకుపోయాను. కదిలింది తాత. "ముందు నీళ్ళు బాబూ, నీళ్ళు!" అంటూ మకాంలో ఉన్న ఇరవై లీటర్ల మంచినీళ్ళ టిన్ను ఈడ్చుకొచ్చాడు. మామయ్యని పడుకోబెట్టి, కన్ను రెప్పలు బలవంతంగా తెరిచి ధారగా పోశాడు. టిన్ను అయిపోయాక ఇంకోటి. ఆ తర్వాతే భీమవరంలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పక్క చెరువు వాళ్ళు వాళ్ళ జనరేటర్ నుంచి కేబుల్ లాగి మా ఏరేటర్లు తిప్పారు. కొంత రొయ్య పోయింది, ఎక్కువ మిగిలింది.

మామయ్య కన్ను కూడా మిగిలింది. కంటి డాక్టర్‌గారు అన్నదొక్కటే మాట: అక్కడికక్కడే నీళ్ళు పోయబట్టి కన్ను దక్కింది. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ మాత్రం ఉండిపోయింది. నేను వెళ్ళినప్పుడల్లా ముందు నా కళ్ళు ఆ మచ్చ మీదకే పోతాయి.

ఆ తర్వాత నెల రోజులు నేను చదివింది బ్యాటరీల గురించే. అందులో తేలింది ఇది.

అసలు లోపల ఏం జరుగుతుంది

ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో లెడ్ యాసిడ్ బ్యాటరీ తయారుచేశాడు. ఇన్నేళ్ళయినా మూలసూత్రం మారలేదు. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులు, అంటే ఆరు సెల్స్ ఉంటాయి. ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ప్రతి సెల్‌లో పాజిటివ్ ప్లేటు లెడ్ డయాక్సైడ్, నెగటివ్ ప్లేటు స్పాంజిలాంటి సీసం, మధ్యలో నీళ్ళు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్, అదే పాత పుస్తకాల్లో గంధకామ్లం.

కరెంటు వాడుకుంటుంటే రెండు ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, యాసిడ్ పలచబడుతుంది. చార్జింగ్ పెడితే ఇదంతా వెనక్కి జరుగుతుంది. ఇక్కడిదాకా ఇంటర్ కెమిస్ట్రీ, మీకూ వచ్చు.

మనకి ఎవరూ గట్టిగా చెప్పని భాగం దీని తర్వాత వస్తుంది. బ్యాటరీ దాదాపు నిండిపోయాక కూడా చార్జర్ కరెంటు తోస్తూనే ఉంటే, ఆ కరెంటు ఏం చెయ్యాలి? మార్చడానికి సల్ఫేట్ మిగల్లేదు. కాబట్టి నీళ్ళని విడగొడుతుంది. ఒక ప్లేటు దగ్గర ఆక్సిజన్, ఇంకో ప్లేటు దగ్గర హైడ్రోజన్ బుడగలు వస్తాయి. సెల్‌కి 2.4 వోల్టులు, అంటే మొత్తం మీద 14.4 వోల్టులు దాటేసరికి ఇది జోరుగా సాగుతుంది. "బ్యాటరీ మరుగుతోంది" అని మెకానిక్‌లు అనేది దీన్నే.

హైడ్రోజన్‌కి రంగు లేదు, వాసన లేదు. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. అంటుకోవడానికి కావలసిన శక్తి మిల్లీజౌల్‌లో యాభయ్యో వంతు. చలికాలంలో స్వెటర్ విప్పితే వచ్చే చిటపట కూడా దానికి ఎక్కువే.

పెట్టె లెక్క

నేను ఈ లెక్క వేసుకున్న రోజు రాత్రి నిద్రపట్టలేదు. మీరూ వేసి చూడండి.

పూర్తిగా నిండిన సెల్‌లోకి ఇంకో ఆంపియర్-అవర్ తోస్తే సుమారు 0.42 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. ఆరు సెల్స్‌కి కలిపి దాదాపు 2.5 లీటర్లు. మామయ్య చార్జర్ 10 ఆంపియర్లది, నిండితే తనంతట తాను తగ్గే రకం కాదు. అంటే బ్యాటరీ నిండాక గంటకి 25 లీటర్ల దాకా హైడ్రోజన్.

ఇనప పెట్టె మూడడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. బ్యాటరీ, చార్జర్ పోను సుమారు 300 లీటర్ల గాలి. అందులో 4 శాతం అంటే 12 లీటర్లు. గంటకి 25 లీటర్లు వస్తుంటే 12 లీటర్లకి ఎంతసేపు? అరగంట. అది సాయంత్రం నుంచీ చార్జింగ్‌లో ఉంది.

తలుపు తీశాం కదా, గ్యాసు పోదా అంటారేమో. హైడ్రోజన్ గాలికంటే చాలా తేలిక, పైకి పోతుంది. మా పెట్టెకి తలుపు ముందువైపు ఉంది, తలుపు పైన ఇంకో అరడుగు రేకు ఉంది. పైకి పోయిన గ్యాసు ఆ రేకు కింద కూర్చుంది. దానికి తోడు బ్యాటరీలో నీళ్ళు ప్లేట్ల కిందికి దిగిపోయి ఉన్నాయి. నీళ్ళు తగ్గిన ప్రతి సెల్ లోపలా ఆ ఖాళీలో గ్యాసే ఉంటుంది.

అదే లెక్క పది అడుగుల గదికి వేస్తే 4 శాతం అంటే వెయ్యి లీటర్ల పైమాటే. పైన వెంటిలేటర్ ఉన్న గదిలో అంత చేరదు. అంటే ప్రమాదం బ్యాటరీలో ఎంత ఉందో, దాన్ని ఇరికించిన చోటులో అంతకంటే ఎక్కువ ఉంది. బ్యాటరీ గదుల్లో హైడ్రోజన్ 1 శాతం దాటకుండా గాలి ఆడేలా చూస్తారు. 4 దాకా ఆగరు.

నాకు అర్థమైన అసలు విషయం ఇదీ. చార్జింగ్ అయ్యే బ్యాటరీ నుంచి గ్యాసు రాకుండా ఆపలేం. వైరు కలిపినప్పుడో తీసినప్పుడో నిప్పురవ్వ రాకుండా కూడా పూర్తిగా ఆపలేం. మన చేతిలో ఉన్నదల్లా ఆ రెండూ ఒకే చోట, ఒకే సమయంలో కలవకుండా చూడటం. బ్యాటరీ జాగ్రత్తల్లో చాలా వరకు ఈ ఒక్క వాక్యంలోంచి వచ్చినవే.

బిగించడం, విప్పడం: మన స్టాక్ లాగే

మొదటి సెమిస్టర్‌లో డేటా స్ట్రక్చర్స్ చదివిన ఎవరికైనా ఇది మరచిపోలేని రూలు. బ్యాటరీ బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివర నెగటివ్. విప్పేటప్పుడు ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్. చివర లోపలికి వెళ్ళింది ముందు బయటికి రావాలి. అచ్చంగా స్టాక్.

ఎందుకంటే మామూలుగా జనరేటర్ ఇంజన్ బాడీ మొత్తం నెగటివ్‌కి కలిసి ఉంటుంది. నెగటివ్ ముందే బిగించేసి, పాజిటివ్ నట్టు తిప్పుతుంటే స్పానర్ పక్కనున్న ఇనుముకి తగిలిందనుకోండి. అది నేరుగా షార్ట్ సర్క్యూటే. నెగటివ్ కలపకుండా ఉంటే అదే స్పానర్ తగిలినా సర్క్యూట్ పూర్తవదు, ఏమీ కాదు.

"12 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా" అని మనవాళ్ళు తేలిగ్గా తీసుకుంటారు. నిజమే, పొడి చేతికి 12 వోల్టులు షాక్ కొట్టవు. కానీ ఈ బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ కొన్ని మిల్లీఓమ్‌లే. 12.6ని 0.006తో భాగించండి. రెండు వేల ఆంపియర్లు! అంత కరెంటు స్పానర్‌లోంచి పోతే అది ఎర్రగా కాలుతుంది. వేలికి ఉంగరం, చేతికి కడియం, వాచీ ఉంటే వాటి గతీ అంతే, వాటితో పాటు చేతి గతీ అంతే. అందుకే పని మొదలుపెట్టేముందు ఒంటి మీద ఉన్న లోహం తీసి జేబులో వేసుకోవాలి. మెడలో గొలుసు కూడా. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టుకోవాలి. బ్యాటరీ మీద పనిముట్లు పెట్టకూడదు.

ఇంకో రెండు పనులు ఇంతకంటే ముందే చెయ్యాలి. ఒకటి, చార్జర్‌ని గోడ దగ్గర స్విచ్ ఆపాకే దాని క్లిప్పులు తియ్యాలి. చార్జింగ్ అవుతుండగా క్లిప్పు లాగితే నిప్పురవ్వ సరిగ్గా గ్యాసు ఉన్నచోటే పడుతుంది. రెండు, మన హాస్టల్ జనరేటర్ లాంటివి ఆటో మోడ్‌లో ఉంటాయి. కరెంటు పోగానే ఎవరూ ముట్టుకోకుండా స్టార్ట్ అయిపోతాయి. మీ చెయ్యి ఫ్యాన్ బెల్టు పక్కన ఉండగా కరెంటు పోతే? కాబట్టి ప్యానెల్‌ని ఆఫ్‌లో పెట్టి, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి, అప్పుడే దగ్గరికి వెళ్ళాలి.

కేబుళ్ళతో స్టార్ట్ చెయ్యాల్సి వస్తే

ఆ రాత్రి నేను చేసిన తప్పు ఇక్కడుంది. వరుస ఇలా ఉండాలి.

ముందుగా రెండు బ్యాటరీలూ ఒకే వోల్టేజివి అని చూసుకోవాలి. పెద్ద జనరేటర్లకి రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటుంది, దాన్ని ట్రాక్టర్‌తో కలపకూడదు. బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, నీళ్ళు ప్లేట్ల కిందికి దిగిపోయినా అసలు ప్రయత్నమే వద్దు. అంతా బాగుంటే తలుపులు తెరిచి, గాలి ఆడనిచ్చి, ఆ తర్వాత మొదలుపెట్టాలి.

ఎర్ర క్లిప్పు ముందు డౌన్ అయిన బ్యాటరీ పాజిటివ్‌కి. ఎర్రదాని రెండో కొస మంచి బ్యాటరీ పాజిటివ్‌కి. నల్ల క్లిప్పు మంచి బ్యాటరీ నెగటివ్‌కి. నల్లదాని రెండో కొస, అంటే నాలుగో క్లిప్పు, డౌన్ అయిన బ్యాటరీకి కాదు. ఆ జనరేటర్ ఇంజన్ బ్లాక్ మీద రంగు లేని గట్టి ఇనుముకి, బ్యాటరీకి వీలైనంత దూరంగా, డీజిల్ పైపులకి పక్కగా కాకుండా.

నాలుగో క్లిప్పుతోనే సర్క్యూట్ పూర్తవుతుంది. కాబట్టి నిప్పురవ్వ పడేది నాలుగో క్లిప్పు దగ్గరే. అది ఎక్కడ పడాలో మనం ముందే నిర్ణయించుకోవచ్చు. నేను దాన్ని తీసుకెళ్ళి గ్యాసు ఉన్న పెట్టెలో, మామయ్య మొహం ముందు పడేశాను. "మైనస్‌కి మైనస్" అన్నది సర్క్యూట్ ప్రకారం కరెక్టే. పరీక్షలో రాస్తే మార్కులు కూడా పడతాయి.

స్టార్ట్ అయ్యాక మళ్ళీ స్టాక్ రూలే, వచ్చిన వరుసకి తిరగేసి తియ్యాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒక్కసారికి పది సెకన్లకి మించొద్దు, మధ్యలో ఒక నిమిషం ఆగాలి. ఆ సమయంలో ఎవరూ బ్యాటరీ మీదకి వంగి ఉండకూడదు.

ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి

మామయ్య ఇప్పుడు కొత్త పెట్టె చేయించాడు. దొంగల భయం పోలేదు కాబట్టి తాళం ఉంది. కానీ నాలుగు పక్కలా ఇనప జాలీ, పైన వాన పడకుండా రేకు, ఆ రేకుకీ జాలీకీ మధ్య చుట్టూ జానెడు సందు. చార్జర్ పెట్టెలో లేదు, మకాం గోడకి ఉంది. అది నిండగానే 13.5 వోల్టుల దగ్గరికి దిగిపోయే రకం. దీన్ని ఫ్లోట్ చార్జింగ్ అంటారు. నిండా ఉంచుతుంది, మరగనివ్వదు.

బ్యాటరీని సైలెన్సర్ వేడికి దూరంగా పెట్టాలి. సుమారు పది డిగ్రీల వేడి పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందని ఒక మోటు లెక్క. మన ఎండలకి అది ఎలాగూ తగ్గుతుంది, మనం ఇంకా తగ్గించొద్దు. కింద యాసిడ్ తట్టుకునే ప్లాస్టిక్ ట్రే, పైన కదలకుండా క్లాంపు ఉండాలి. ఇంజన్ అదురుకి ప్లేట్ల మీది పదార్థం రాలిపోతుంది. "సిమెంటు నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుంది" అని పెద్దవాళ్ళు అంటుంటారు. అది పాతకాలం బ్యాటరీల మాట. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకి ఆ బాధ లేదు.

బరువు సంగతి మర్చిపోకండి. 100 ఏహెచ్ బ్యాటరీ సుమారు 25 నుంచి 30 కిలోలు ఉంటుంది. ఇద్దరు పట్టుకోవాలి, నడుము వంచకుండా మోకాళ్ళు వంచాలి, బ్యాటరీని పక్కకి వంచకూడదు.

ఇంకో విషయం, ఇది ఎవరి భక్తినీ తప్పుపట్టడానికి కాదు. దసరాకి ఆయుధపూజ రోజు జనరేటర్‌కి, ఇన్వర్టర్‌కి కూడా పసుపు కుంకుమ పెట్టి, అగరొత్తులు గుచ్చి, కర్పూర హారతి ఇస్తాం. బొట్టు పెట్టండి, పువ్వులు పెట్టండి. హారతి మాత్రం నాలుగడుగుల అవతల నుంచి ఇవ్వండి, ఆ కాసేపు చార్జింగ్ ఆపండి. ఇన్వర్టర్ బ్యాటరీని దేవుడి గదిలో దీపం కింద పెట్టిన ఇల్లు కూడా చూశాను. దయచేసి మార్పించండి.

నీళ్ళు పొయ్యాలి, యాసిడ్ కాదు

మరిగినప్పుడు పోయేది నీళ్ళే, యాసిడ్ కాదు. కాబట్టి మళ్ళీ పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బోరు నీళ్ళు, కుళాయి నీళ్ళు, తాగే మినరల్ వాటర్ ఏదీ పనికిరాదు, వాటిలో ఉప్పులు ప్లేట్లని తినేస్తాయి. చార్జింగ్ పూర్తయ్యాక గుర్తు దాకా పొయ్యాలి. ముందే నిండా పోస్తే చార్జింగ్‌లో మట్టం పెరిగి యాసిడ్ బయటికి పొంగుతుంది. ప్లేట్లు తేలి కనపడుతుంటే మాత్రం అవి మునిగేంత పోసి, అప్పుడు చార్జింగ్ పెట్టాలి. లోపలికి చూడటానికి టార్చి వాడాలి, అగ్గిపుల్ల కాదు. నవ్వకండి, అగ్గిపుల్లతో చూసేవాళ్ళున్నారు.

"మెయింటెనెన్స్ ఫ్రీ" బ్యాటరీలకి నీళ్ళు పొయ్యక్కర్లేదు. అంత మాత్రాన వాటి నుంచి గ్యాసు అసలు రాదని కాదు. ఎక్కువ చార్జ్ చేస్తే అవి కూడా వదులుతాయి. కుళ్ళిన గుడ్ల వాసన వచ్చినా, బ్యాటరీ ఉబ్బినా, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా ముట్టుకోవద్దు. చార్జర్ మెయిన్ ఆపి, గాలి ఆడనిచ్చి, తెలిసిన మనిషిని పిలవాలి.

యాసిడ్ చర్మం మీద పడితే వెంటనే ధారగా నీళ్ళు, తడిసిన బట్టలు తీసెయ్యాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి ఆగకుండా కనీసం 15 నుంచి 20 నిమిషాలు నీళ్ళు, తర్వాత కంటి డాక్టర్. ఆసుపత్రి దగ్గరే కదా అని నీళ్ళు పొయ్యకుండా పరుగెత్తొద్దు. కంట్లో వంటసోడా వెయ్యొద్దు. వంటసోడా నేల మీద ఒలికిన యాసిడ్‌కి, టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడికి. ఆ పొడి కడిగేటప్పుడు మూతలు బిగించి ఉండాలి, సోడా నీళ్ళు సెల్ లోపలికి పోకూడదు. ఆరాక, బిగించాక, పైన పెట్రోలియం జెల్లీ పలచగా రాస్తే మళ్ళీ తొందరగా పట్టదు.

ప్లాస్టిక్ సేఫ్టీ కళ్ళద్దాలు, రబ్బరు గ్లవ్స్ రెండూ కలిపి మనం ఒక సాయంత్రం బిర్యానీకి పెట్టే ఖర్చులో వస్తాయి. మామయ్య పెట్టె తాళంచెవి ఇప్పుడు ఆ కళ్ళద్దాలకే కట్టి ఉంటుంది. కళ్ళద్దాలు చేతిలోకి రాకుండా పెట్టె తెరవడం కుదరదు.

సాయంత్రం నుంచీ చార్జింగ్ పెట్టినా ఎందుకు లేవలేదు?

ఇది చాలా రోజులు అర్థం కాలేదు. మీటర్‌లో 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉందంటాం. 12.2 అంటే సుమారు సగం. కానీ ఆ సంఖ్య చెప్పేది మిగిలి ఉన్న ప్లేటు ఎంత నిండిందని, ప్లేటు ఎంత మిగిలిందని కాదు. నీళ్ళు దిగి ఎండిపోయిన భాగం, గట్టిపడిన సల్ఫేట్ పట్టిన భాగం పనిచెయ్యవు. చెంబుడు నీళ్ళు పట్టే బిందె కూడా నిండుగానే కనపడుతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మీటర్ చూడాలి. అప్పుడు 9.6 వోల్టుల కిందికి పడిపోతుంటే ఆ బ్యాటరీ పని అయిపోవచ్చినట్టే.

అందుకే స్టాండ్‌బై జనరేటర్‌ని వారానికోసారి ఊరికే అయినా స్టార్ట్ చేసి చూడాలి. అర్ధరాత్రి తెలిసే బదులు ఆదివారం పొద్దున తెలుస్తుంది. ఆ రాత్రి ట్రాక్టర్ అవసరమే రాకపోను. 24 వోల్టుల సెట్టయితే రెండు బ్యాటరీలూ ఒకేసారి మార్చాలి, పాతదీ కొత్తదీ జతకడితే పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది.

మార్చిన పాత బ్యాటరీని పాత ఇనప సామాన్ల వాళ్ళకి వెయ్యకండి. దాన్ని పగలగొట్టి యాసిడ్ కాలవలో పోసి సీసం కరిగించేవాళ్ళున్నారు. సీసం పిల్లల మెదడుకి చేసే హాని తిరిగి బాగుపడేది కాదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలని వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదార్లదే. కొత్తది కొన్నచోట పాతది ఇస్తే ధర కూడా తగ్గిస్తారు.

మళ్ళీ అదే ప్రశ్న

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ మొదటిసారికి లేవలేదు. ట్రాక్టర్ పక్కనే ఉంది, కేబుళ్ళు చేతిలో ఉన్నాయి, ఏరేటర్లు ఆగి ఉన్నాయి. మామయ్య అదే మాట అన్నాడు, "చెప్పు అల్లుడూ, ఏం చేద్దాం?" వెక్కిరింపు ఏమీ లేదు గొంతులో. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"ఒక్క నిమిషం ఆగు మామయ్యా," అన్నాను. ముందు కళ్ళద్దాలు. చార్జర్ స్విచ్ ఆపాను. నీళ్ళ మట్టం చూశాను, సరిగ్గానే ఉంది. టెర్మినల్స్ చూశాను. నెగటివ్ క్లాంపు అదురుకి వదులైంది, చేత్తో తిప్పితే తిరుగుతోంది. వదులు క్లాంపు దగ్గర సెల్ఫ్ కొడితే నిప్పురవ్వ అక్కడే పడుతుంది. స్పానర్‌తో బిగించి దూరంగా జరిగాం. మామయ్య తాళం తిప్పాడు. లేచింది.

మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. చెరువులో రొయ్యకి అంతకంటే చాలా ఎక్కువ టైమే ఉంటుంది. ఆ సంగతి మొదటి రాత్రి కూడా నాకు తెలుసు. అయినా ఆగలేదు.

ఈ సెలవలకి ఇంటికి వెళ్ళాక మీ ఇన్వర్టర్ బ్యాటరీ ఎక్కడుందో ఒకసారి చూడండి. గాలి ఆడుతోందా, నీళ్ళున్నాయా, క్లాంపులు వదులుగా ఉన్నాయా? ఇంట్లో ఎవరైనా "నువ్వు ఇంజనీరింగ్ కదా" అని అడిగితే, తెలియకపోతే తెలియదని చెప్పండి. నేను ఆ ఒక్క మాట చెప్పి ఉంటే మామయ్య కనుబొమ్మ మీద ఆ మచ్చ ఉండేది కాదు.